గోడవైపు తిప్పిన గబ్బిలం

ఎత్తు 61 మిల్లీమీటర్లు. వెడల్పు 44. మెడకు బిగించిన ఇత్తడి పట్టీతో, మూతతో కలిపి బరువు 72 గ్రాములు. పిడికిట్లో పెట్టుకుంటే కనబడకుండా పోయే ఈ సీసా కోసం నేను విశాఖపట్నం నుంచి సుమారు 2,900 కిలోమీటర్లు ప్రయాణం చేశాను. మంగళవారం ఉదయం 6.10కి విమానం సింగపూరులో దిగింది. చాంగీలో రైలెక్కి, తానా మెరాలో ఒకసారి, జురాంగ్ ఈస్ట్‌లో ఒకసారి మారి, యూ టీ స్టేషన్‌లో దిగేసరికి 8.50 అయింది. ఆ రెండు గంటల పైచిలుకు సమయంలో నేను ఒకే కాగితాన్ని నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ నా కోపం కొంత పెరిగింది.

ఆ కాగితంలో ఉన్నవి మూడు వాక్యాలు. "ఇటీవలి తయారీ. పాతదిగా కనిపించేందుకు ఆమ్లంతో మసకబరచినది. యజమాని కోరితే 120 డాలర్లకు తీసుకోగలం." అభిప్రాయం చెప్పినందుకు 80 డాలర్లు వసూలు చేసిన మనిషి, నకిలీ అని తానే తేల్చిన వస్తువును తానే కొంటానంటున్నాడు. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ఒక గాజు కర్మాగారపు పరీక్షాశాలలో పనిచేశాను. సరుకు నాసిరకమని నివేదిక రాసి, ఆ కిందనే దానికి ధర కట్టినవాడు మా దగ్గర మర్నాడు ఉద్యోగంలో ఉండేవాడు కాదు.

పదకొండో అంతస్తు

కాగితం పంపింది లావణ్య. మా పరీక్షాశాలలో ఆరేళ్ళు నా కింద పనిచేసి, సింగపూరు సంబంధం చేసుకుని వెళ్ళిపోయిన అమ్మాయి. ఆమె అత్తగారు అప్పలనరసమ్మగారికి డెబ్బై ఆరేళ్ళు. పుట్టింది, పెరిగింది అక్కడే. శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వెళ్ళిన వారి వంశం. ఆవిడ మాట్లాడే తెలుగులో మా జిల్లాల్లో ఇప్పుడు వినబడని పలుకుబడి ఉంది, దాని మధ్యలో మలయ్ మాటలూ ఉన్నాయి.

తలుపు తీస్తూనే, "రా అమ్మా, మకాన్ అయినాదా? ఇమానంలో ఏటి పెడతార్లే, మట్టిముద్దలు," అన్నారు. మకాన్ అంటే భోజనం. ఇడ్లీ, దానితో కొబ్బరిపాలు పోసి చేసిన సాంబారు. మా ఇంట్లో కొబ్బరిపాలు పాయసానికి తప్ప వాడరు. ఇక్కడ వాడని వంట లేదని ఆ వారంలో తెలిసింది. వయసులో పెద్దవారెవరైనా అక్కడ ఆంటీయే కనుక నేనూ ఆవిడను ఆంటీ అనే పిలిచాను.

సీసా పూజగూట్లో ఉంది, ఒక పాత ఛాయాచిత్రం పక్కన. చిత్రంలో ఉన్నాయన అప్పలస్వామిగారు, ఆంటీ భర్తకు తాత. ఒక చైనా వ్యాపారి బంగళాలో తోటమాలి. ఆ వ్యాపారికీ ఈయనకూ ఉమ్మడిగా ఉన్నది ముక్కుపొడుం అలవాటొకటే. వైద్యుడు పొడుం మానమన్న రోజున వ్యాపారి తన సీసాను తోటమాలి చేతిలో పెట్టి, "నా ముక్కు పని అయిపోయింది, నీ ముక్కు బాగానే ఉంది కదా, ఉంచుకో," అన్నాడట. అసలు మూత ఎప్పుడో పోతే, అప్పలస్వామిగారు తెలుగు కంసాలి ఒకాయన చేత మెడకు ఇత్తడి పట్టీ, మరమూత చేయించి లక్కతో అతికించారు. పట్టీ మీద ఉలితో కొట్టిన "అ" అనే అక్షరం ఉంది.

ఇక్కడి తెలుగువారి పాత ఇంటి సామాన్లతో ఒక సంఘం ఆదివారం ప్రదర్శన పెడుతోంది. ఈ సీసా మొదట అందులో ఉంది. ఎవరో సందేహం వెలిబుచ్చితే, కమిటీవారు నిపుణుడి అభిప్రాయం తెమ్మన్నారు. పై కాగితం అలా పుట్టింది.

"రిపోర్ట్ చూసి సైలెంట్‌గా లిస్ట్‌లోంచి తీసేశారు మేడమ్. కనీసం ఫోన్ కూడా చెయ్యలేదు," అంది లావణ్య.

ఆమె కూతురు దియ, పదకొండేళ్ళది, సోఫాలోంచి తల ఎత్తకుండానే, "ఫేక్ లా, నానమ్మా. ఎక్స్‌పర్ట్ అంకుల్ చెప్పాడు కదా," అంది. మాట చివర ఊరికే "లా" తగిలించడం అక్కడివారి అలవాటు.

"నువ్వు నోర్ముయ్యే," అని, ఆంటీ నా వైపు తిరిగారు. "నా పెళ్ళైన కొత్తల్లో మా వీధోళ్ళు తాత ఇది దొంగిలించినాడనీవోరు. ఇప్పుడు వీళ్ళు నకిలీదంటన్నారు. రెండూ ఎలాగవుతాదమ్మా? నకిలీదైతే ఎవుడు దొంగిలిస్తాడు? నాకు డబ్బొద్దు. తాత అబద్ధమాడనేదని ఒక్కడు కాయితం మీద రాస్తే సాలు."

సీసాను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. ఒకవైపు అల్లుకుపోయిన పాదు, మూడు సొరకాయలు, రెండు సీతాకోకచిలుకలు. మరోవైపు, అంటే ఎప్పుడూ గోడకు ఆనించి ఉంచేవైపు, ఎర్రటి గబ్బిలం ఒకటి తలకిందులుగా ఎగురుతోంది. అడుగున నీలంతో నాలుగు చైనా అక్షరాలు, ఒక పాత చక్రవర్తి పేరిటి ముద్ర.

ఇలాంటి సీసా చెయ్యడం ఎంత కష్టమో ఒక్కమాట చెప్పాలి. ఎనామెల్ అంటే రంగు కలిపిన గాజుపొడి. దాన్ని పులిమి కొలిమిలో పెడితే కరిగి అంటుకోవాలి. కానీ అది కరిగే వేడికీ, కిందనున్న సీసాయే మెత్తబడి వాలిపోయే వేడికీ మధ్య తేడా బహు స్వల్పం. ఉష్ణమాపకం లేని రోజుల్లో, మంట రంగు చూసి, ఒక్కొక్క రంగుకూ ఒక్కొక్కసారి చొప్పున కాల్చారు. ఆ పనిని మూడు వాక్యాల్లో కొట్టిపారేశారు.

టిష్యూ పొట్లం

బుధవారం మధ్యాహ్నం సీసా తీసుకుని నది ఒడ్డున పాతవస్తువుల కొట్లున్న భవనానికి వెళ్తూ, దారిలో తిండికొట్లన్నీ ఒకచోట ఉండే ఒక హాకర్ సెంటర్‌లో తినడానికి ఆగాను. నాలుగున్నర డాలర్లకు శాకాహారపు సన్న సేమియా, డాలరు అరవై సెంట్లకు కాఫీ. ఖాళీ బల్ల మీద ఎవరో మరిచిపోయిన టిష్యూ పొట్లం కనబడితే, బాధ్యతగల పౌరురాలిగా దాన్ని తీసుకెళ్ళి గిన్నెలు ఎత్తే ఆవిడకు అప్పగించి వచ్చి కూర్చున్నాను. రెండు నిమిషాల్లో నా వయసు చైనా ఆవిడ ఒకరు సూపు గిన్నెతో వచ్చి నిలబడ్డారు.

"అయ్యో ఆంటీ! నేను చోప్ చేశాను లా! నా టిష్యూ ఏదీ?"

అక్కడ బల్ల మీద టిష్యూ పెడితే ఆ చోటు పట్టుకున్నట్టు. మన బస్సుల్లో కిటికీలోంచి తుండుగుడ్డ విసరడానికి ఇది వారి రూపం. క్షమాపణ చెప్పాను. ఆవిడ నవ్వి ఎదురుగా కూర్చున్నారు. మాటల్లో నా ఫోనులోని సీసా బొమ్మలు చూపించాను.

"సొరపాదు, సీతాకోకచిలుక. పాదు తెగకుండా పాకినట్టు పిల్లలు, మనవలు, మునిమనవలు. మంచి ఇంటికి ఇచ్చే బొమ్మ ఇది," అన్నారు. గబ్బిలం దగ్గర ముఖం వెలిగింది. "ఇది ఇంకా మంచిది. గబ్బిలం అంటే అదృష్టం. తలకిందులుగా ఉంటే అదృష్టం వచ్చేసినట్టే. మా భాషలో గబ్బిలమూ అదృష్టమూ, తలకిందులూ రావడమూ చెవికి ఒకేలా వినిపిస్తాయి."

ఆ గబ్బిలాన్ని ఇంట్లోవారు అరవై ఏళ్ళుగా గోడవైపు తిప్పి ఉంచారని చెప్పాను. మా వైపు గబ్బిలం ఇంట్లోకొస్తే శాంతి చేయిస్తారని కూడా చెప్పాను. ఆవిడ చెంచా కింద పెట్టేసి నవ్వారు. "అదృష్టాన్ని మూలన నిలబెట్టారా! అలమాక్! పాపం, అది ఏం తప్పు చేసింది లా?"

లేచి వెళ్తూ, చోటు తనదేనన్న విషయం మరొకసారి గుర్తుచేశారు.

భూతద్దం కింద

ఆ మూడు వాక్యాలు రాసినాయన కొట్టు రెండో అంతస్తులో ఉంది. యజమాని యాభై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు. నేను వాదనకు సిద్ధపడి వెళ్ళాను. ఎనామెల్ మసకబారడానికి తేమ, చెమట, ఎండ, ఎన్ని కారణాలుంటాయో వరసగా చెప్పాను. అతను అడ్డురాలేదు. సీసాను గబ్బిలంవైపు తిప్పి, పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం నా చేతిలో పెట్టాడు.

"చూడండి మేడమ్. మీరే చెప్పండి."

చూశాను. గబ్బిలం రెక్కల మీద మెరుపు లేదు. ఉపరితలమంతా సన్నని గుంటలు, తెల్లటి పొర. సీసం ఎక్కువ పాళ్ళు కలిపిన ఎనామెల్‌ను ఆమ్లం తిన్నప్పుడే అలా అవుతుంది. నా ఉద్యోగంలో వందలసార్లు చూసిన మచ్చ అది. నిజం ఒప్పుకోక తప్పలేదు.

"ఆమ్లమే," అన్నాను.

"కదా. ఇది నాకు రోజూ పని లా. కొత్త సీసాను ఆమ్లంతో రుద్దుతారు, తాత కథ ఒకటి తగిలిస్తారు. తాత లేని సీసా ఇంతవరకు నా కొట్లోకి రాలేదు."

అతని లక్షణ పరీక్ష సరైనదే. దానిమీద కట్టిన తీర్పును నేను ఒప్పుకోలేకపోయాను. ఆమ్లం తగిలిందనడం ఒక మాట. మోసం చెయ్యడానికి తగిలించారనడం మరొక మాట. మొదటిదానికి భూతద్దం చాలు. రెండోదానికి ఆ ఇంటికి వెళ్ళి ఉండాలి, కనీసం ఒక ప్రశ్న అడిగి ఉండాలి. అడగలేదు. "అప్పలస్వామి ఎవరు?" అన్న ప్రశ్న అతని ఎనభై డాలర్ల రుసుములో లేదు.

అయినా తిరుగు రైల్లో ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. పూజగూట్లో ఉన్న సీసాకు ఆమ్లం ఎక్కడినుంచి వస్తుంది?

శుక్రవారం వంటగది

శుక్రవారం ఉదయం కాఫీ కోసం వంటగదిలోకి వెళ్ళాను. ఆంటీ సింకు దగ్గర పీట వేసుకుని కూర్చున్నారు. ఇత్తడి కుందులు, గంట, హారతి పళ్ళెం వరసగా ఉన్నాయి. గిన్నెలో నానిన చింతపండు. కుంది తోమి పక్కన పెట్టి, ఆవిడ తర్వాతి వస్తువు అందుకున్నారు. అది సీసా.

"ఆంటీ, ఆగండి!"

నా గొంతు ఎంత పెద్దదైందో, లావణ్య గదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏటయిందమ్మా? పట్టీ ఇత్తడిది కదా, చింతపండెయ్యకపోతే నల్లబడతాది. మా అత్తమ్మ అలాగే సేసీది. ప్రతి సుక్కురోరం."

"పట్టీ ఒకటేనా, సీసా అంతానా?"

"అంతా ఏటి, ఆ గబ్బిలమే ఎక్కువ తోమీది అత్తమ్మ. పీచెట్టి తోమీది. ఇంట్లో గబ్బిలమేటి అపశకునం, పోతే పోతాదని. దాని దుంపతెగ, పోనేదు."

నేను పీట పక్కనే నేలమీద కూర్చుండిపోయాను. చింతపండులో ఉన్నది టార్టారిక్ ఆమ్లం. బలహీనమైనదే. కానీ వారానికొకసారి, పీచుతో రుద్ది, రెండు తరాలపాటు! సీసం కలిసిన ఎనామెల్‌కు అంతకంటే ఓపికగల శత్రువు లేదు. మోసగాడు ఒక పూటలో చేసే పనిని ఒక కోడలు, ఆమె కోడలు, భక్తితో అరవై ఏళ్ళు చేశారు. ఇత్తడిని మెరిపించిన చెయ్యే ఎనామెల్ మెరుపును తీసేసింది.

విడమరచి చెప్పాను. ఆంటీ చేతులు చింతపండు నీళ్ళలోనే ఉండిపోయాయి.

"అయితే పాడుసేసింది మేమేనా?"

"పాడైంది మీవల్లే. కానీ ఆంటీ, ఆ కొట్టాయన మోసమన్నది మీ తోముడునే. కాదని చూపించవచ్చు. కంసాలి పట్టీ వేసినచోట ఇన్నేళ్ళూ చింతపండు తగల్లేదు. కింద ఎనామెల్ మెరుస్తూ ఉంటే, పట్టీ వేసేనాటికి సీసా మెరుస్తూనే ఉందన్నమాట. మసకబారింది ఈ ఇంట్లోనేనన్నమాట."

"ఏ కాలానిదో కూడా తెలుస్తాదా?"

"తెలీదు. అడుగునున్న చక్రవర్తి ముద్రను తర్వాతివారూ వేశారు. తాతగారి తర్వాత పుట్టింది కాదని మాత్రం తెలుస్తుంది."

"అది సాలు," అన్నారావిడ. "పట్టీ తీయించేద్దుం పద."

మళ్ళీ కొట్టుకు

శనివారం ముగ్గురం వెళ్ళాము. పాదువైపు మసక తక్కువ, గబ్బిలంవైపు ఎక్కువ అన్న తేడా చూపించాను. యజమాని తల ఊపాడు కానీ, "తెలివైనవాళ్ళు అలా కూడా రుద్దుతారు," అన్నాడు. పట్టీ మీది అక్షరం చూపించాను. "గీత ఎవరైనా గీస్తారు లా." పట్టీ తీస్తే తప్ప కాగితం మార్చనన్నాడు.

పట్టీ కింద ఉన్నది లక్క. దాన్ని గోరువెచ్చని నీళ్ళలో పెట్టి, నీటి వేడిని నెమ్మదిగా పెంచుతూ మెత్తబరచాలి. కనీసం గంట పడుతుంది. మందమైన గాజు వేడికి ఒక్కసారిగా వ్యాకోచించలేదు. ఒకచోటే వేడి తగిలితే పగులుతుంది. ఈ మాటలు నేను రెండుసార్లు చెప్పాను. మూడోసారి లావణ్య చెప్పింది.

"కొట్టు ఐదింటికి మూస్తాను మేడమ్. ఇలాంటివి రోజూ తీస్తాం," అంటూ అతను వేడిగాలి తుపాకీ బయటికి తీశాడు.

నేను సీసా మీద చెయ్యి అడ్డుపెట్టాను. "వద్దు ఆంటీ. ఇంటికి తీసుకెళ్ళి నేనే తీస్తాను. సోమవారం తెచ్చి చూపిద్దాం."

"రేపే కదా ప్రదర్శన?" అన్నారావిడ. "ఇంట్లో తీస్తే, ఇంట్లోనే ఏదో సేసినారంటాడమ్మా ఈడు. ఆడి సేత్తోనే తియ్యనీ. ఆడి కళ్ళతోనే సూడనీ."

చెయ్యి తీసేశాను.

అర నిమిషం గడిచింది. చిన్న చప్పుడు, గోరు విరిచినట్టు. పట్టీ వదులై ఊడి వచ్చింది. సీసా మూతి దగ్గర మొదలైన పగులు సొరపాదు మీదుగా దిగి, మొదటి కాయ దగ్గర ఆగింది. తర్వాత కొలిస్తే పొడవు 19 మిల్లీమీటర్లు.

పట్టీ ఉన్నచోట, మెడ చుట్టూ, గులాబిరంగు ఎనామెల్ మీద సన్నని నీలపు అల్లిక. నిన్న కొలిమిలోంచి తీసినట్టు మెరుస్తోంది. దాని కిందిగట్టు నుంచి మసక మొదలవుతోంది, గీత గీసినట్టు.

యజమాని భూతద్దంతో ముందుకు వంగాడు. ముక్కు దాదాపు సీసాకు ఆనింది. లక్కలో చిక్కుకుని ఎండిపోయి ఉన్న ముక్కుపొడుం వేడికి పొడిపొడిగా రాలి ఉందన్న సంగతి అతనికి తెలియదు. తుమ్మాడు. ఆగి మళ్ళీ తుమ్మాడు. కళ్ళు తుడుచుకుని మూడోసారి తుమ్మాడు.

"నూరేళ్ళు, నూరేళ్ళు," అని ఆంటీ అలవాటుకొద్దీ దీవించారు. దీవించిన తర్వాత, ఎవరిని దీవించారో గుర్తొచ్చినట్టుంది, ముఖం గట్టిపడింది. "తాత పొడుమే అది. ఇప్పుడు రాయండి," అన్నారు. లావణ్య ఆ మాటను ఇంగ్లీషులో చెప్పింది.

అతను రాశాడు. "మసక తర్వాతి కాలపు గృహ వినియోగం వల్ల కలిగినది. పాత వస్తువు కావచ్చును. పగిలినది." ఆ చివరి మాటను అతను రాస్తుండగా చూశాను. పగిలినది! ఎవరు పగలగొట్టారో లేని వాక్యం. నేను కలం ఆపమన్నాను. "పరీక్ష సమయంలో పగిలినది" అని రాయమన్నాను.

"తియ్యమన్నది ఆవిడే కదా లా."

"తియ్యమన్నారు. వేడిగాలి తుపాకీతో తియ్యమనలేదు. వద్దని మూడుసార్లు చెప్పాము."

పావుగంట వాదన తర్వాత "పరీక్ష సమయంలో" అన్న మాట చేర్చాడు. ఆ తర్వాత కొత్త అభిప్రాయానికి కొత్త రుసుము అన్నాడు. ఎనభై డాలర్లు. ముప్పై ఒక్క ఏళ్ళలో నా పరీక్ష తప్పైనప్పుడు రెండో పరీక్ష నా ఖాతాలోనే జరిగేది. ఆంటీ పర్సు తీసి లెక్కపెట్టి ఇచ్చేశారు. "సుడా, ఇంక సాలు, ఒగ్గీయమ్మా. తాత మాట నిలబడింది. పద."

ఈ ప్రయాణంలో నేను మరిచిపోలేనిది అదే. నకిలీ అన్నవాడు తన మాటకు ఏ రుజువూ చూపించనక్కర్లేదు. నిజమన్నవారు మాత్రం తమ వస్తువును పగలనిచ్చి, దానికి డబ్బు కట్టి, అప్పుడు నమ్మించుకోవాలి.

ఆదివారం

కమిటీవారు కొత్త కాగితం చదివి సీసాకు చోటిచ్చారు. క్షమాపణ చెప్పలేదు. "పాడైన పొడుం సీసా, యజమాని ఇచ్చినట్టు చెప్పబడుతున్నది" అని చీటీ తయారుచేశారు. ఆంటీ అది చింపి, లావణ్య చేత వేరే రాయించారు. "అప్పలస్వామికి ఆయన యజమాని ఇచ్చినది. చింతపండుతో తోమింది మేము."

గాజుపెట్టె వెనుక గోడ ఉంది. సీసాను ఎటు తిప్పి పెట్టాలని వారు అడిగారు. ఆంటీ దాన్ని చేతిలో తిప్పి చూశారు. పగులు సొరపాదువైపు ఉంది. హాకర్ సెంటర్ ఆవిడ చెప్పిన మాట నేను ఆ బుధవారమే ఇంటికొచ్చి చెప్పాను. అప్పుడు ఆంటీ పెదవి విరిచి ఊరుకున్నారు.

ఇప్పుడు పగులును గోడవైపు తిప్పి పెట్టారు. రెక్కల మెరుపు పోయిన ఆ ఎర్రటి గబ్బిలం, అప్పలస్వామిగారి తర్వాత మొదటిసారిగా, జనంవైపు తిరిగింది.

"నానమ్మా, ఇట్స్ సో కూల్ లా," అంది దియ, ముక్కు అద్దానికి ఆనించి.

"దూరం జరుగు. తుమ్ముతావు," అన్నారు ఆంటీ.

లెక్క

విమానం, రానూపోనూ: 24,600 రూపాయలు. రైళ్ళు, బస్సులు: 21 డాలర్ల 40 సెంట్లు. బయటి భోజనాలు, కాఫీలు: 38 డాలర్ల 10 సెంట్లు. టిష్యూ పొట్లం, ఒకటి, తిరిగి కొనిచ్చినది: 50 సెంట్లు. నిపుణుడి అభిప్రాయం, తప్పుది: 80 డాలర్లు. నిపుణుడి అభిప్రాయం, సరిచేసినది: 80 డాలర్లు.

నష్టం: గబ్బిలంవైపు ఎనామెల్ మెరుపు, పూర్తిగా. పాదువైపు, సగానికి పైగా. సీసా మెడ మీదుగా దిగిన 19 మిల్లీమీటర్ల పగులు. ఇత్తడి పట్టీ, ఒకటి, వంకర పోయినది. లక్కలోని ముక్కుపొడుం, మొత్తం.

కొట్టు యజమానికి: ఖర్చు లేదు. నష్టం లేదు. తుమ్ములు మూడు.